ఇసుక నింపిన బంపరు

సమ్మయ్య అన్నం నిలబడి తినేవాడు. నిలబడి అనడం కూడా తప్పే. కంచం ఎడమ చేతిలో పట్టుకుని నడుస్తూ తినేవాడు. పప్పన్నం షెడ్డులో మొదలైతే మజ్జిగన్నం వేళకు భద్రాచలం వంతెన మీద ఉండేవాడని నేను చెబితే మా ఇంట్లో ఎవరూ నమ్మరు. సరే, వంతెన కాదు, బూర్గంపాడు బస్టాండు పక్కన కిళ్లీ కొట్టు. అంతవరకు నిజం.

పెళ్లయిన తొమ్మిదేళ్లలో అతను ఏడు చోట్లకు మారాడు. కొత్తగూడెంలో బొగ్గు తవ్వేసిన ఖాళీల్లోకి ఇసుక పంపే గొట్టాలకు వెల్డింగు చేయడం మొదటి పని. తర్వాత ఇల్లెందులో సైకిలు షాపు, మణుగూరులో లారీ బాడీలు, పాల్వంచలో ఇనుప గేట్లు, ఇంకా ఎన్నో. చేతిలో పనితనం ఉంది. లేనిదల్లా ఆఖరి రోజు ఓపిక. గేటంతా తయారుచేసి గడియ వదిలేసేవాడు. లారీకి మూడు పక్కలా చెక్కలు బిగించి, నాలుగో పక్కకు వచ్చేసరికి ఇంకో ఊళ్లో షెడ్డు ఖాళీగా ఉందని వినేవాడు. అంతే, సామాను బండెక్కేది.

అతని భార్య అనంతమ్మ అందుకే మట్టి పొయ్యి వేయడం మానేసింది. పుట్టమన్ను తెచ్చి, తొక్కి, ఆరబెట్టి, అలికి ముగ్గు పెట్టిన పొయ్యిని వదిలేసి పోవడం ఇంటికి అరిష్టమని ఆమె నమ్మకం. అలా రెండు పొయ్యిలు వదిలి ఏడ్చింది. మూడో ఊళ్లో ఒట్టు పెట్టుకుంది.

"ఒక్క పని, ఒక్కటంటే ఒక్కటి ఆఖరి దాకా చెయ్యి. తీస్కపోయినోడు నవ్వుకుంట పోవాలె. ఆ రోజు పొయ్యి ఏస్త. అందాక మూడు రాళ్లే."

బూర్గంపాడు వచ్చాక దానికి ఇంకో మాట కలిపింది. "ఈడ గూడ రాళ్ల మీదనే లేచి పోవుడైతే, నేను మా అన్న ఇంటికి పోత. నువ్వు ఒక్కనివే తిరుగు." ఆమె బస్టాండులో ఇసుకలో వేయించిన పల్లీలు అమ్మేది. ఆమె ఆడిన మాట తప్పదని ఆమె దగ్గర పల్లీలు కొన్న ప్రతి కండక్టరుకూ తెలుసు.

1978 ఎండాకాలంలో బూర్గంపాడు షెడ్డు ముందు ఎర్ర కారు ఆగింది. అది కల్లూరు వెంకటరామారావుది. వాళ్ల నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి కల్లూరులో పొలాలు కొన్నాడు. ఈయన, గనుల్లో యంత్రాలు బిగించి స్వదేశం వెళ్లిపోతున్న తెల్ల ఇంజనీరు దగ్గర ఈ కారు కొన్నాడు. పైకప్పు లేదు. ఇద్దరే పడతారు. నేలకు జానెడు ఎత్తున పరుగెత్తుతుంది. అందులో కూర్చుంటే దారిన పోయే మేకలు మనల్ని తల వంచి చూసేవి. రెండో సీటు నాది. కాన్వెంటులో చదివినందుకు, కారుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం చదివి చెప్పడం నా పని.

ఆ రోజు పాల్వంచ దాటాక అడవిపంది అడ్డం వచ్చింది. ముందు బంపరు జంతికలా చుట్టుకుపోయింది. పంది లేచి, ఒళ్లు దులుపుకుని, కారు నంబరు చదువుకుని మరీ వెళ్లింది.

"ఏమయ్యా, దీన్ని సాగదీయగలవా?" అని అడిగాడు రావు.

సమ్మయ్య కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. "సాగదీసుడు ఎందుకు సారూ? ఇది బంపరా, డబ్బా రేకు. కొత్తది చేస్త. ఈపాలి పంది ఏడ్వాలె."

"ఎన్నాళ్లు?"

"నాలుగు రోజులు."

లోపల్నుంచి అనంతమ్మ గొంతు వినిపించింది. "ఏ నెలల నాలుగు రోజులో అడుగుండ్రి సారూ!"

"ఆదివారం పొద్దున కావాలి. మా బావమరిదిని భద్రాచలం తిప్పుతానని మాటిచ్చాను. వాడి ముందు నా పరువు తీయకు," అన్నాడు రావు. ఆ నాలుగు రోజులూ మేము ఊళ్లోనే తెలిసినవాళ్లింట్లో దిగాం.

గనిలో పైకప్పు కూలకుండా ఆనించే దూలం ముక్క ఒకటి సమ్మయ్య దగ్గర ఉంది. పాత ఇనుము కింద కొన్నది. గని మనిషికి గట్టిదనమంటే బరువే. దాన్ని కోసి, చివరలు గుండ్రం చేసి, బంపరు అన్నాడు. పుస్తకంలో కారు బరువు ఎంతో చదువుతానన్నాను.

"ఆ పుస్తకం రాసినాయన మన పందిని చూసిండా?" అన్నాడు.

నలుగురు లారీ హమాలీలు మోసుకొచ్చి బిగించారు. కారు ముక్కు నేలకు ఆనింది. లైట్లు వేస్తే చీమలకు దారి కనబడింది.

"ఎనక గూడ గింత బరువుది కడ్తే సమానమైతది," అన్నాడు సమ్మయ్య, కారు చుట్టూ తిరుగుతూ.

"అప్పుడు దీన్ని రోడ్డు రోలరని అమ్ముకుంటాను. తీసేయ్!"

శుక్రవారం పొద్దునకు సమ్మయ్య కాలు నిలవడం లేదు. షెడ్డు లోపలికి, బయటికి. కొలిమి ఊదడం, వదిలేయడం. "వేంసూరుల షెడ్డు ఖాళీగ ఉందంట," అన్నాడు గోడతో.

అనంతమ్మ పల్లీలు చెరుగుతూ తలెత్తలేదు. "అవ్, పో. మా అన్న ఊరి బస్సు గూడ గప్పుడే ఉంది. కలిసే పోదం, బస్టాండు దాక."

అతను మళ్లీ లోపలికి వచ్చాడు. ఈసారి నీళ్ల పైపు తీశాడు. తేలికగా ఉంది. కానీ ఖాళీ పైపును వంచితే మధ్యలో నొక్కుకుపోతుంది. అందుకని లోపల ఇసుక కూరి, రెండు చివర్లా కొయ్య బిరడాలు దిగ్గొట్టి, కొలిమిలో ఎర్రగా కాల్చి వంచాలి. సమ్మయ్య గోదావరి ఇసుక తెచ్చాడు. అందులో చెంబెడు నీళ్లు పోశాడు. గనిలో ఇసుక నీళ్లతో కలిసే దిగుతుంది, నీళ్లతోనే గట్టిపడుతుంది. కొత్తగూడెంలో ఆరు నెలలు చూసింది అదే.

పైపు ఎర్రబడుతుండగా లోపల ఏదో గుర్రుమంది. అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అంతలో ఢామ్మని పేలి బిరడా లేచిపోయింది. అది గోదావరి దాటి భద్రాచలంలో పడిందని, అక్కడెవరో దాన్ని బొంగరం చేసుకున్నారని నేను చాలామందికి చెప్పాను. షెడ్డు పైరేకులో అరచేతంత చిల్లు పడిన మాట మాత్రం వాస్తవం.

సమ్మయ్య లేచాడు. సుత్తులు, పటకార్లు గోనెసంచిలో వేసుకోవడం మొదలుపెట్టాడు.

అనంతమ్మ వచ్చి పైపులోంచి కారుతున్న బురదను వేలితో తీసి చూసింది. "దీన్ని తడిపినవా?"

"తడిపిన. గనిల గట్లనే."

"గనిల ఇసుక కింద మంట పెడ్తరా?"

సుత్తి అతని చేతిలోనే ఆగిపోయింది.

"తడి ఇసుకల పల్లీలు ఏంచితే నా మొగమే ఏగుతది. రోజు చూస్తనే ఉంటివి గద, తిరిగే మనిషివి నిలబడి చూస్తే గద!"

శనివారం ఆమె పల్లీలు అమ్మలేదు. మూడు రాళ్ల మీద కడాయి పెట్టి రోజంతా ఇసుక వేయించింది. చిటికెడు తీసి అరచేతిలో ఊదితే పొడిలా లేవాలి. అప్పుడే ఒప్పుకునేది. పైపు నిలువుగా పట్టుకోవడం సమ్మయ్య పని. కదిలితే ఇసుక ఒలికిపోతుంది.

"కదలకు!"

"కదుల్తలేనే!"

"కాళ్లు కదుల్తున్నయి!"

ఆమె ఇసుక పోస్తూ, పైపును కర్రతో తట్టి కూర్చోబెడుతూ ఉంటే, సమ్మయ్య గంటసేపు ఒక్కచోట నిలబడ్డాడు. చూడ్డానికి కిళ్లీ కొట్టాయన కొట్టు వదిలి వచ్చాడు. సాయంత్రానికి పైపు విల్లులా వంగింది. ఎక్కడా నొక్కు లేదు.

ఆదివారం పొద్దున్నే వెండి రంగు ఆరిన బంపరును కారుకు పెట్టారు. బోల్టులు నాలుగు. మూడోది బిగిస్తుండగా రోడ్డు మీద లారీ ఆగింది.

"ఓ సమ్మన్నా! అశ్వారావుపేటల మంచి షెడ్డు ఉంది. ఇప్పుడే వస్తే మాట్లాడిపిస్త, ఎక్కు!" అని అరిచాడు డ్రైవరు.

సమ్మయ్య లేచి నిలబడ్డాడు. పానా కింద పెట్టాడు. రెండడుగులు రోడ్డు వైపు వేశాడు. రావు నా వైపు చూశాడు. నేను పుస్తకం వైపు చూశాను. అందులో దీని గురించి ఏమీ లేదు.

గడప దగ్గర అనంతమ్మ నిలబడి ఉంది. నెత్తిన తట్ట. తట్టలో పుట్టమన్ను. పిలవలేదు, తిట్టలేదు. తట్టను దించనూ లేదు.

సమ్మయ్య ఆ మన్ను చూశాడు. లారీ హారన్ కొట్టింది. "నువ్వు పో భాయ్. ఒక్క బోల్టు ఉంది," అన్నాడు. వెనక్కొచ్చి నాలుగోది బిగించాడు. బిగించింది మళ్లీ బిగించాడు. అప్పుడు ఆమె తట్ట దించింది.

ఆ రోజు నా సీటు బావమరిదిది, నేను వెనక డిక్కీ మీద కూర్చున్నాను. వంతెన మీద కారు ఆపితే అతను ఆ బంపరును వంగి వంగి చూశాడు. "బావా, ఇది కారుతోపాటే వచ్చిందా?"

"లేదోయ్, లండన్ నుంచి విడిగా తెప్పించాను," అన్నాడు రావు, మూతి కూడా వంకర పోకుండా. తిరుగు ప్రయాణంలో షెడ్డు ముందు కారాపి ఈ మాట అనంతమ్మకు చెప్పాను. రావు నవ్వుతున్నాడో లేదో వంగి చూసి, ఆమె మన్ను తొక్కడానికి దిగింది.

నెల తిరగకముందే సమ్మయ్య కాళ్లు మళ్లీ దురద పెట్టాయి. వేంసూరు షెడ్డు ఇంకా ఖాళీగానే ఉందట.

"పోదం పట్టు," అంది అనంతమ్మ. "కానీ పొయ్యిని ఇడిసిపెట్టి రాను. ఎత్తుకో."

సమ్మయ్య వంగి చూశాడు. పొయ్యి గట్టు మట్టిది కాదు. ఆ నలుగురు హమాలీలకు పల్లీలు పెట్టి, మొదటి బంపరు దూలాన్ని అక్కడ దింపించి, దాని మీద కట్టింది పొయ్యిని. సమ్మయ్య రెండు చేతులా పట్టి లాగాడు. మొహం ఎర్రబడింది. దూలం కదల్లేదు.

1991లో నేను అటు వెళ్లినప్పుడు కూడా అది అక్కడే ఉంది. అన్నం గిన్నె దాని మీదకు దించి అనంతమ్మ వడ్డించింది. సమ్మయ్య కంచం అందుకుని, మాట్లాడుతూనే, కిళ్లీ కొట్టు వైపు నడిచాడు.