ఆత్రేయపురం పిల్ల పలచని రాత

కోవిడ్ తర్వాత బడులు మళ్లీ పూర్తిగా నడవడం మొదలైన ఏడాది, జూన్ నెలలో, కొత్తపేట దగ్గర కొత్తగా పెట్టిన ఒక ఇంటర్నేషనల్ ప్రైమరీ స్కూల్లో లెర్నింగ్ సపోర్ట్ కోఆర్డినేటర్‌గా చేరాను. పేరు పొడుగే గాని పని చెప్పడం తేలిక. చదువులో వెనకబడే పిల్లలు ఎందుకు వెనకబడుతున్నారో కనిపెట్టి, తగిన సాయం ఏర్పాటు చెయ్యాలి. హోదాలో ప్రిన్సిపాల్‌కు కింద, క్లాసు టీచర్లకు పక్కన. అంటే ఎవరికీ ఆజ్ఞ ఇవ్వలేను, అందరికీ సలహా ఇవ్వగలను. అప్పటికే ఇరవయ్యేళ్లు అదే పని చేసి ఉన్నాను కాబట్టి సలహాలకు నా దగ్గర లోటు లేదు.

మా పద్ధతిలో నాలుగు మెట్లు ఉండేవి. క్లాసు టీచరు కాగితం రాసి పిల్లను నా దగ్గరికి పంపుతుంది. దాన్ని రిఫరల్ అంటాం. నేను క్లాసులో వెనక కూర్చుని గమనిస్తాను. తర్వాత ఆరు వారాలు ఆ పిల్లకని ప్రత్యేకంగా కొన్ని అభ్యాసాలు చేయిస్తాను. అప్పటికీ ఫలితం లేకపోతే ఇంటికి వెళ్లి పెద్దవాళ్లతో మాట్లాడి, పిల్లను పై క్లాసుకి పంపాలా వద్దా అని తేల్చే స్కూలు కమిటీకి సిఫార్సు ఇస్తాను.

దసరా సెలవులయ్యాక ఒకటో తరగతి టీచరు సునీత, లాస్య అనే పిల్ల గురించి రిఫరల్ పంపింది. లాస్య ఆత్రేయపురం నుంచి స్కూలు బస్సులో వచ్చేది. నోటితో అడిగితే అన్నీ చెప్పేది. కథ చెబుతుంటే మధ్యలో మనల్ని సరిదిద్దేది కూడా. రాతే కనబడేది కాదు. నోటుపుస్తకం తెరిస్తే పేజీ తెల్లగా ఉండేది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వంచి చూస్తే సాలెగూడులాంటి అక్షరాలు. సునీత పాపం ముందు తన కళ్లద్దాలు మార్పించుకుని, ఆ తర్వాతే రిఫరల్ రాసింది.

నేను వెళ్లి గమనించాను. పెన్సిలు వేళ్ల కొసలతో పట్టుకుని, కాగితాన్ని తాకీ తాకనట్టు నడిపేది. పేజీ తిప్పడానికి రెండు చేతులూ వాడేది. నా షీటులో వేళ్లకు బలం తక్కువ అని రాసుకున్నాను. ఆరు వారాలు మట్టిముద్దలు పిసికించాను, బట్టల క్లిప్పులు నొక్కించాను, తడి స్పాంజి పిండించాను. అన్నీ నవ్వుతూ చేసింది. స్పాంజి పిండితే నా చీర కూడా తడిసేది. బలం లేని చేతికి అన్ని నీళ్లు ఎలా వచ్చాయన్నది నాకు తట్టలేదు. పెన్సిలు పట్టగానే కథ మళ్లీ మొదటికి. ఇంకో ఆరు వారాలు పొడిగించాను. అదే తంతు.

రెండో తరగతిలో పేజీలకు పేజీలు రాయాలి. అందుకని ఫిబ్రవరిలో, లాస్యను ఇంకో ఏడాది ఒకటిలోనే ఉంచమని సిఫార్సు రాశాను. ఇంటికి వెళ్లొచ్చాకే సంతకం పెట్టాలని నియమం. ఈలోగా సంగతి ఆ పిల్ల చెవిన పడనే పడింది. బస్సులో తన పక్కన కూర్చునే నేస్తం పై క్లాసుకి వెళ్తుందా అని నన్ను అడిగింది. వెళ్తుందన్నాను. మరి నేనో అని మాత్రం అడగలేదు. నాకు మనసు చివుక్కుమంది. సిఫార్సులు మనసుతో రాసేవి కావని సర్దిచెప్పుకున్నాను.

ఒక శనివారం మధ్యాహ్నం ఆత్రేయపురం వెళ్లాను. లాస్య మామ్మ సత్యవతిగారు పూతరేకులు చేస్తారు. నేను వెళ్లేసరికి బోర్లించిన కుండ మీద రేకులు తీయడం ముగించి, మంట ఆర్పి, మడతలకు కూర్చున్నారు. విషయం చెప్పాను. ఆవిడ వాదించలేదు. పంతులమ్మగారికి తెలియదా అన్నట్టు తలొంచుకుని ఆయ్ అన్నారు. తర్వాత పమిటతో కళ్లు తుడుచుకున్నారు. పొగ అనుకుందామంటే మంట ఎప్పుడో ఆరింది.

ఏం చెయ్యాలో తోచక, నేనూ ఒక రేకు మడతపెడతానన్నాను. మొదటిది చేతిలోనే పొడయింది. రెండోదీ అంతే. మూడోదాన్ని లాస్య నా చేతికి అందకుండా తప్పించింది. తడిగుడ్డ అద్ది, నెయ్యి రాసి, బెల్లంపొడి జల్లి, బలం లేదని నేను రాసిన ఆ వేళ్లతోనే మడిచి నా ముందు పెట్టింది. రేకు ఎక్కడా చిట్లలేదు. నాలుగో ఏటి నుంచి సెలవురోజుల్లో ఆమెకు అదే ఆటట.

సత్యవతిగారు అప్పుడు తలెత్తారు. "చేతిలో బలం లేక కాదండీ మేడమ్‌గారూ. తేలిగ్గా పట్టుకోమ్మా, చిరిగిపోద్ది అని నేనే నేర్పేనండి."

కాగితం కూడా చిరిగిపోతుందనుకున్నావా అని లాస్యను అడిగాను.

"చిరగదాండీ?" అంది.

బ్యాగులోంచి సిఫార్సు తీసి కింద పరిచి, పెన్సిలు ఇచ్చి, దాని మీద గట్టిగా ఒక గీత గీయమన్నాను. మామ్మ వైపు చూసింది. ఆవిడ ఊఁ అన్నాక గీసింది. చిరగలేదు. ఇంకోటి గీసింది. కాసేపటికి నా సిఫార్సులో చదవడానికి ఏమీ మిగల్లేదు. ముగ్గురం నవ్వుకున్నాం. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను. అంత తేలికపడ్డాను.

సోమవారం ఆఫీసు బీరువా అడుగు నుంచి కార్బన్ కాగితాలు వెతికి తీశాను. మూడు కాగితాల మధ్య రెండు కార్బన్లు పెట్టి, మూడోదాని మీద కూడా అక్షరం పడితే గెలిచినట్టు అని లాస్యకు చెప్పాను. రెండు వారాల్లో గెలిచింది. ఆ తర్వాత పెన్సిలు ముక్కులు రోజుకు నాలుగు విరుగుతున్నాయని సునీత నాతో మొరపెట్టుకుంది.

మార్చి కమిటీలో ప్రిన్సిపాల్‌గారు లాస్య కాగితం ఏదని అడిగారు. ఉపసంహరించుకున్నాను, పొరపాటు నాదేనని చెప్పాను. మాట చాలదు, రాసి ఇవ్వమన్నారు. రాసి ఇచ్చాను. లాస్య తన నేస్తంతో పాటు రెండో తరగతికి వెళ్లింది. ఇంటికి వెళ్లి రావడాన్ని చివరి మెట్టు నుంచి మొదటి మెట్టుకు మార్చాలని కూడా అదే కాగితంలో కోరాను. మార్చారు. ఆ పిల్లకు ఏం రాదో తేల్చడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఏం వచ్చో వాళ్లింట్లో ఒక్క మధ్యాహ్నంలో తెలిసింది. ఆ ఇంటికి నేను అక్టోబరులోనే వెళ్లవలసింది.