గోతిలోంచి చూసిన కొండ

కాశీబుగ్గలో మేము పాత ఇల్లు కొనుక్కున్న మూడో ఏడు, వానలు పడుతుండగా, మరుగుదొడ్డిలో నీళ్లు వెనక్కి తన్నడం మొదలైంది. ట్యాంకు నిండిపోయిందన్నమాట. తోడే బండి పిలిపించాం. బండతను గొట్టం భుజాన వేసుకుని పెరట్లోకి వచ్చి, "ట్యాంకు ఎక్కడున్నాదమ్మా?" అన్నాడు. నాకూ తెలియదు, మా ఆయనకూ తెలియదు.

ఇల్లు మాకు అమ్మినాయన పోయారు. ఆయన పిల్లలకు ఫోన్ చేస్తే "పెరట్లోనే ఎక్కడో ఉండాలండీ" అన్నారు. తుఫానుకి కొబ్బరిచెట్లు కూలిపోయాక పెరడంతా మట్టి పోయించి చదును చేయించారట. బండతను గునపంతో నాలుగైదు చోట్ల పొడిచాడు. మా ఆయన మూడు గోతులు తవ్వారు. ఒకదాంట్లో విరిగిన రుబ్బురోలు దొరికింది. మిగతా రెండింట్లో ఇసుక తప్ప ఏమీ లేదు. "దొరికినాక ఫోన్ సేయండి" అని అతను బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

నాలుగు రోజులు పక్కింటి వాళ్ల దొడ్డి వాడుకున్నాం. ఆ ఇంటి పెద్దావిడే చెప్పారు, మా ఇల్లు కట్టిన మేస్త్రి ఇప్పుడు లేడని, అతని దగ్గర కూలి పని చేసినామె మాత్రం జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఏరుతోందని. కబురు పెట్టాం.

ఆదివారం పొద్దున్న వచ్చింది. అరవై దాటిన సన్నటి మనిషి. జీడి తగిలి వేళ్ల కొసలు నల్లబడ్డాయి. పెరటి మధ్యలో నిలబడి అటూ ఇటూ చూసింది.

"ఏటమ్మా, అంతా మారిపోనాది. నిల్సోని సూత్తే నాకేటీ తెల్డం నేదు."

పాపం, సెలవు రోజున అనవసరంగా పిలిచామే అనుకున్నాను. అంతలో ఆమె కొంగు నడుముకి దోపుకుని, తడి మట్టిలో బోర్లా పడుకుంది. గడ్డం నేలకి ఆనించింది.

"అయ్యో, లేవండమ్మా, బట్టలు పాడైపోతాయి!" అన్నాను.

"నానెప్పుడు నిల్సోని సూసినానమ్మా? గోతిలోంచి గదా సూసినాను. పీక దాకా గొయ్యి. కళ్లు నేలకి సమంగా ఉండీవి. తలుపులన్నీ తీయండి."

వంటింటి తలుపు, నడిమింటి తలుపు, వీధి తలుపు అన్నీ బార్లా తీశాం. "అప్పటి ఇంటమ్మ ఈదరుగు మీద కూకుంటే ఇక్కడికి కాళ్లు అగుపడీవి. నువ్వెల్లి కూకోమ్మా" అంది. వెళ్లి అరుగు మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాను. పెరట్లో ఆమె మోచేతుల మీద పక్కకు జరుగుతున్న చప్పుడు వినపడింది. తర్వాత కేక: "కనిపించినాయి!"

నేను పరుగున వెళ్లేసరికి ఉత్తరం వైపు చూస్తోంది. "ఇప్పుడు కొండ కావాల. ఆ దడి తీయండి బాబూ." మా ఆయన కొబ్బరిమట్టల దడి పీకి పక్కన పెట్టారు. పక్కింటి పెంకుల అంచు, దాని వెనక దూరంగా నీలంగా కొండ. ఆమె తలుపుల వరస తప్పకుండా, నేలను వదలకుండా జానెడు జానెడు వెనక్కి జరిగింది. పెంకుల చాటునుంచి కొండ కొస కొంచెం బయటపడగానే ఆగి, అరచేత్తో మట్టిని తట్టింది.

"ఇక్కడే."

మా ఆయన తవ్వారు. ఒకటిన్నర అడుగుల లోతున గునపం ఠంగుమంది. ఆయన గునపం పక్కన పెట్టి పార అందుకున్నారు. మట్టి తీస్తే నాపరాయి మూత, నాలుగు అంచులూ కనిపించాయి.

మూత కాస్త కదలగానే ఆమె మా ఇద్దరినీ చేతులు పట్టి వెనక్కి లాగింది. "దూరం! ఆ గాలి పీల్సకండి. కాసేపలా ఒగ్గీయండి."

మధ్యాహ్నం బండి వచ్చి తోడేసింది. బండతను దూరంనుంచే లోపలికి టార్చి వేశాడు. "ఎవలు కట్టినారోగానీ ఒక్క బీట నేదమ్మా" అన్నాడు. నేను ఆమెను చూపించాను.

"మేస్త్రి లావు మనిసి, లోపల తిరగడానికి అవ్వనేదు. పూత నానే కొట్టినాను" అంది ఆమె. "ఇది దేనికో అప్పుడు నాకు తెల్దు. నీళ్ల తొట్టి అనుకున్నాను. మేమంతా దొడ్డికి జీడితోటల్లోకే గదా ఎల్లీవోలం."

నేను బడిలో పిల్లలకు పటం మీద దిక్కులు గుర్తుపట్టడం నేర్పుతాను. ఇన్నేళ్లలో నేను నిలబడ్డ ఏ చోటినీ ఇలా వెతికి పట్టుకోలేను. ఆమె ఆ గోతిలో ఉన్నది పన్నెండు రోజులట. ముప్ఫయ్యేళ్లయింది. నేను లోపలికి వెళ్లి టీ పెట్టి తెచ్చాను. ఆమె టీ తాగి, చీరకంటిన మట్టి దులుపుకుంది.

మర్నాడు ఫ్యాక్టరీ వదిలాక తాపీ పట్టుకుని తనే వచ్చింది. మళ్లీ ఎవరూ వెతుక్కోకుండా మూత చుట్టూ రెండు వరసలు ఇటుక లేపుతానంది. నేను ఇటుకలు అందించడం మొదలుపెట్టాను. మొదటిది తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి నా చేతికే తిరిగి ఇచ్చేసింది.

"తడిపి ఇయ్యమ్మా. పొడి ఇటిక సిమెంటులో నీరంతా తాగీత్తాది."

నేను బకెట్ కోసం లోపలికి వెళ్లాను.