ఎడమ మడమ

బసంత్‌నగర్ దారిలో లారీ గుద్దితే బండితో సహా కల్వర్టు మీది నుంచి కింద పడ్డాను. కుడి తొడ, మూడు పక్కటెముకలు, మణికట్టు విరిగాయి. దవాఖానలో తొడకు రాడ్డు వేసి, ఆ ఎక్స్‌రే నాకే చూపించి డాక్టర్లు మురిసిపోయారు. అంత పెద్ద ఎముకల పెండ్లిలో మడమను పిలిచేదెవరు?

"సార్, మడమ గుంజుతుంది" అన్నాను.

"రాడ్డేసిన కాలు గద, గట్లనే ఉంటది" అన్నాడు డాక్టరు.

రాడ్డు కుడి కాలికి, నొప్పి ఎడమ మడమకు. డాక్టరుకు కుడి ఎడమలు నేర్పేంత చదువు నాకు లేదు కనుక నోరు మూసుకున్నాను.

రెండు నెలలకు మంచం దిగాను. ఎడమ మడమ నేలకు ఆనగానే కళ్లు బైర్లు కమ్మాయి. అప్పటి నుంచి కుంటడమే.

మా బొగ్గు బెల్టులో బాయి పనికి, అంటే గని పనికి, అన్‌ఫిట్ అని మెడికల్ బోర్డు తేల్చిన కార్మికుడి కొడుక్కు ఉద్యోగం ఇస్తారు. అందుకని ఇక్కడ ఎవరు కుంటినా "నొప్పి ఎట్లుంది" అని అడగరు, "పిలగాడు ఏం చదివిండు" అంటారు. మా పిలగాడు సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకుని, బాయి మొహం చూడనని ఎప్పుడో తేల్చేశాడు. నాకేమో మళ్లీ బాయి దిగాలని ఒకటే ఆశ. ఇరవై ఏడేండ్లు దిగినవాణ్ని, ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుంది. ఆ మాట చెబితే నవ్వారు.

"కుంటుడు మంచిగ కుదిరింది బావా. బోర్డు ముంగట ఇంకింత కుంటు" అన్నాడు పక్క క్వార్టరాయన.

నా భార్య ఇంకా తెలివిగలది. "యాది మరిచి ఇంకో కాలు కుంటేవు, పైలం" అంది. ఒకరోజు నీళ్ల బిందె దించుతూ, "ఇంట్ల ఎవలున్నరని కుంటుతున్నవ్?" అని విసుక్కుంది కూడా.

ఏడు నెలలకు కరీంనగర్‌లో ఇంకో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన చెప్పు విప్పమన్నాడు. మడమను చేత్తో పట్టుకున్న మొదటి డాక్టరు ఆయనే. ఎక్స్‌రే చూసి తల ఊపాడు.

"మడమ పలిగి వంకరగ అతుక్కుంది కాకా. అప్పుడే చూస్తే సరిచేసేటోళ్లు. ఇగ బాయి దిగుడు మరిచిపో."

వాడకట్టంతా దావత్ అడగబోయే వార్త అది. నేను మాత్రం ఆ మడమను మెల్లగా మళ్లీ చెప్పులో దూర్చాను.

డాక్టరు మాట విన్న నా భార్య బయట బెంచీ మీద నా పక్కన కూర్చుంది. తర్వాత నా వైపు చూడకుండానే అడిగింది.

"ఇంట్ల కుంటినప్పుడు గూడ నిజంగనే నొచ్చిందా?"

నాకు కోపం రావాలి. ఏడుపొచ్చింది.