ఒక్క అద్దంబిళ్ల తక్కువ కిరీటం

నిన్న అక్క కొడుకు స్కూల్లో రాజు వేషం వేస్తున్నాడని నార్కట్‌పల్లిలో కిరీటం కిరాయికి తెచ్చాను. పెట్టె తెరిచి, ఎందుకో ముందు వాసన చూశాను. ప్లాస్టిక్ వాసన.

మా వాడకట్టు దోస్తులారా, మా బాపు చింతగింజల జిగురు ఉడికిస్తే వాడంతా వచ్చే ఆ వాసన యాదికుందా? బాగోతం వాళ్ల కిరీటాలన్నీ మా అరుగు మీదే తయారయ్యేవి. తేలిక కర్ర, బంగారు రంగు కాగితం, అద్దంబిళ్లలు. వెనకవైపు ఒక్క బిళ్ల మాత్రం బాపు అతికించేవాడు కాదు. పెట్టుకునే మనిషే వచ్చి అతికించుకోవాలి. అప్పటిదాకా అది ఎవరి కిరీటమూ కాదు.

తెలంగాణ వచ్చిన ఏడాది, రాజు వేషం కట్టే మల్లయ్య మామ కొత్త కిరీటం చేయించుకున్నాడు. బిళ్ల అతికించడానికి మాత్రం రాలేదు. దవాఖానలో చనిపోయాడని కబురొచ్చింది.

మట్టి ఇచ్చి వచ్చి, స్నానం చేసి, బాపు మళ్లీ జిగురు ఉడికించాడు. ఆ బిళ్లను తనే అతికించాడు.

"గిప్పుడు గిది ఎవలది బాపూ?" అని అడిగాను.

"ఎవలదీ గాదు బిడ్డా. జాగ ఖాళీగుంటే మల్లన్న ఇంకా వస్తడేమో అనిపిస్తాంది."

నాకు ఏడుపు రాలేదు. ఆకలైతాందన్నాను. ఇద్దరం కూర్చుని తిన్నాం. ఆ తర్వాత బాపు ఇంకో కిరీటం చేయలేదు.

నిన్న ఆ కిరాయి కిరీటాన్ని వెనక్కి తిప్పి చూశాను. బిళ్లలన్నీ ఉన్నాయి. పెట్టె మూసేశాను.