గ్రీకు దేవుళ్లకి దండం

రెండువేల రెండు, జూలై మొదటి శుక్రవారం, పగలు పదకొండుంబావు. దివిసీమలో మా ఊరి బడి, హెడ్మాస్టరు గది. బడి కమిటీకి నేనే ఛైర్మన్ని; చెరువుల ఆసామి, ఆరెంపీ డాక్టరు సభ్యులు.

అంతకు రెండు వారాల ముందు నా చేత్తోనే తీర్మానం రాశాను. శుక్రవారం సరస్వతి పటానికి పిల్లలంతా బొట్టు పెట్టుకుని దండం పెట్టాలి, పెట్టనివాళ్లు అన్నం బెల్లు దాకా వరండాలో నిలబడాలి. యాభై రెండేళ్లకి నాకు అక్షరాలొచ్చింది ఆ తల్లి దయవల్లేనని నా నమ్మకం. ఎవరి చేత్తో వచ్చాయో మాత్రం మర్చిపోయాను.

వరండాలో ఒక్క పిల్లే నిలబడింది. క్రైస్తవుల పిల్ల. పెద్దవాళ్ల సాయంత్రం బడిలో నా వేళ్లు పట్టుకుని అఆలు దిద్దించింది ఆ పిల్ల తల్లే. ఆవిడ టీసీ కోసం వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది.

హెడ్మాస్టరు సంతకం పెట్టకుండా కలం మూసి, "ఇంకో తీర్మానం కూడా రాద్దామండీ" అన్నాడు. "పూర్వం గ్రీకు దేశంలో దేవుళ్లుండేవారు. ఇప్పుడు మొక్కే నాథుడే లేడు, పాపం. మన పిల్లలంతా వాళ్లకి రోజూ దండం పెట్టాల్సిందే. సముద్రానికి ఒకాయన ఉన్నాడు, చేతిలో త్రిశూలం. ఉప్పెన చూసినవాళ్లం, మనం కాకపోతే ఎవరు మొక్కుతారు?"

"రొయ్యలు కూడా ఆయన కిందేనా? అయితే నాకు ఓకే" అన్నాడు చెరువుల ఆసామి.

"సారాకి కూడా ఒకాయన ఉన్నాడండి."

"ఆయన్ని మనూళ్లో ఎప్పట్నించో కొలుస్తున్నారులెండి" అన్నాడు ఆరెంపీ డాక్టరు.

నేనొక్కణ్ణే నిజమనుకున్నాను. "కాయ కొట్టాలా మాస్టారూ?" అని అడిగాను కూడా.

"ఎద్దుని నరకాలండి."

చెంపలేసుకున్నాను.

"దండం పెట్టని పిల్లల్ని వరండాలో నిలబెడదాం. మీ మనవరాలైనా సరే."

నాకు ఒళ్లు మండింది. "మాది కాని దేవుడికి మా పిల్లెందుకు పెడుతుందయ్యా దండం? నిలబెడితే నీ బడే మాకొద్దు, ఫో!"

ఎవరూ నవ్వలేదు. అందరూ గుమ్మం వైపు చూశారు. నేను మాత్రం బల్ల వైపు చూశాను.

ఆవిడ లోపలికొచ్చి, బల్ల మీదున్న నా తీర్మానం పూర్తిగా చదివింది. "అక్షరం గుండ్రంగా కుదిరిందండీ, బాబాయ్ గారూ" అంది. వెటకారం లేదు. ఉంటే బాగుండేది.

తప్పయిందమ్మా, పిల్లని లోపలికి పిలువు, అనాలి. నోటిదాకా వచ్చింది. నలుగురి ముందు ఛైర్మన్ని కదా, "మంచినీళ్లు తాగి వెళ్లమ్మా" అన్నాను.

తాగలేదు. టీసీ మీద సంతకం పెట్టించుకుని వెళ్లిపోయింది. పై శుక్రవారం ఆ తీర్మానం కొట్టేశాం. అప్పటికే ఆ పిల్ల బందరు హాస్టల్లో ఉంది.

ఆ రోజు అక్కడున్నవాళ్లం: హెడ్మాస్టరు, చెరువుల ఆసామి, ఆరెంపీ డాక్టరు, నాకు చదువు చెప్పిన ఆవిడ, నేను. వరండాలో ఎండ మొహాన పడుతున్నా కదలకుండా, ఆవిడ కూతురు.