పెన్నా తిప్ప కోటను కొలిచిన రోజు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి సంవత్సరం ఆషాఢంలో నన్ను గోదావరి జిల్లాల నుంచి జమ్మలమడుగుకు సర్వేయరుగా బదిలీ చేశారు. చేరిన పదో రోజున ఉత్తర్వు వచ్చింది: గండికోటకు దిగువన, పెన్నా నడుమ తిప్ప మీదున్న పాత కోటను కొలిచి పటం గీయాలి. రికార్డులో తిప్ప అంతా ఏటి పోరంబోకు, అంటే ప్రభుత్వ భూమి. కోటను విడిగా చూపకపోతే దాని రాళ్లు వేలానికి పోతాయి.

నాతో చైన్‌మన్ ఖాదర్ వచ్చాడు. కొలత గొలుసుకు ఒక కొస నేను, రెండో కొస అతను పట్టుకోవాలి. ఏరు ఎండి ఉంది, ఇసుకలో నడిచే వెళ్లాం. మధ్యాహ్నం పడమటి గోడ దగ్గరికి వచ్చాం. దాని పునాది ఏట్లోకి దిగి ఉండడంతో ఖాదర్ కొస పట్టుకొని ఇసుకలోకి దిగాడు. మొండిగోడ చాటున అతనికి గట్టు కనబడదు, అక్కడి కేకలూ వినబడవు.

అప్పుడే గట్టు మీది గొర్రెల కాపరి అరిచాడు.

"సారూ! పై వంక వస్తాంది! పై వంక!"

మా వైపు వంక అంటే దిక్కు. పైవైపు నుంచి ఎవరో వస్తున్నారనుకొని, రానిమ్మని చెయ్యి ఊపాను. ఆకాశంలో మబ్బు లేదు. అతను తలపాగా విప్పి విసురుతూ మళ్లీ అరిచాడు.

"చెయ్యూపుతాండావేంది సారూ! నీళ్లప్పా, నీళ్లు!"

'వంక పోరంబోకు' అని ఆ వారమంతా నా చేత్తోనే రాశాను. వాగు అని తెలిసే రాశాను. మనిషి నోట విన్నప్పుడు మాత్రం తట్టలేదు.

ఎగువన ఎక్కడో వాన పడింది. నేను కేక వేసేసరికి ఎర్రనీళ్లు ఖాదర్ మోకాళ్లు దాటాయి, చూస్తుండగానే నడుముకొచ్చాయి. గొలుసు వదలొద్దని అరిచి, నా కొసను రాతికి చుట్టి లాగాను. అరచేతులు కోసుకుపోయాయి. రెండుసార్లు మునిగాడు. మూడోసారి కాలికి రాతి సందు దొరికింది.

పైకొచ్చి చాలాసేపు దగ్గాడు.

"వంకంటే ఏందనుకున్యావు సార్?"

దిక్కనుకున్నానని చెప్పాను.

"శానా మంచి దిక్కే. ఇంకొంచెముంటే నేను ఆడికే పోతాంటి."

నీరు తీసేదాకా కోటలోనే ఉన్నాం. ఎగువ గోడను పడవ ముక్కులా కట్టారని, ఏరు అక్కడే రెండుగా చీలుతుందని అప్పుడు చూశాను. ఆ మొనను కొలతలతో సహా పటంలో చూపాను. కోటకు విడి సర్వే నంబరు వచ్చింది, రాళ్లు వేలానికి పోలేదు.

ఆ తర్వాత ఏ ఊరికి బదిలీ అయినా, నీటికి, దారికి, ప్రమాదానికి అక్కడ వాడే మాటలు చైన్‌మన్‌ను అడిగి ఫీల్డుబుక్కు మొదటి పేజీలో రాసుకున్నాను. తెలియని కేక వినిపిస్తే, అర్థమయ్యేదాకా గొలుసు కింద పెట్టించాను.