నౌపడ ఎండకు గొంతు పోయిన రేడియో

1968 వేసవి. శ్రీకాకుళంలో నాకు రేడియో రిపేరు షాపు ఉండేది. చేత పట్టుకుపోయే ట్రాన్సిస్టర్ రేడియోలు అప్పుడప్పుడే పల్లెలకు చేరుతున్నాయి. ట్రాన్సిస్టర్ అంటే చిక్కుడుగింజంత భాగం, పాత పెట్టె రేడియోలో గాజు వాల్వు చేసే పని చేస్తుంది. వాటిని అప్పట్లో ఎక్కువగా జెర్మేనియం అనే పదార్థంతో చేసేవారు.

నౌపడలో ఉప్పుమడులు కౌలుకు చేసే నీలమ్మ తన రేడియో పట్టుకొచ్చింది. మధ్యాహ్నం వార్తల వేళకు మూగబోతుందట. నా బల్ల మీద పెడితే శుభ్రంగా మోగింది. బాగానే ఉందని పంపేస్తే వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది. మళ్లీ మోగింది. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది.

“దీనికే రోగమూ లేదమ్మా,” అన్నాను.

“అయితే నాను అబద్దమాడతన్నానేటి బాబూ? పొద్దున్న బాగా పాడతాది. మద్దేనం గొంతు పడిపోతాది. వాన కబురు ఇనకపోతే కుప్పల మీద తాటాకు ఎప్పుడు కప్పాల? నిరుడు సగం ఉప్పు కరిగిపోనాది. ఈయేడూ పోతే మడి వొగ్గేసుకోవాల.”

ఆ మాటతో నా కోపం దిగిపోయింది. మర్నాడే ఆమదాలవలసలో రైలెక్కి నౌపడలో దిగాను.

మడుల్లో చెట్టు నీడన్నది లేదు. మిట్టమధ్యాహ్నం గట్టు మీది రేడియోని ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. పాట బొంగురుపోయి ఆగిపోయింది. వెనక మూత తీసి, నీలమ్మ తడితువ్వాలు కొసతో ఒక్కో ట్రాన్సిస్టర్నీ అద్దుతూ పోయాను. ఒకదాన్ని అద్దగానే పాట తిరిగొచ్చింది.

“ఓలమ్మ! దీనికీ వడదెబ్బేటి?” అంది నీలమ్మ.

“వడదెబ్బే. జెర్మేనియం వేడికి ఓర్చుకోదు. నీడన పెట్టుకోకూడదా?”

“గుడిసె అల్లంత దూరం. అక్కడెడితే పనిలో ఉన్నోలకి ఎలాగ ఇనిపిస్తాది?”

నిజమే. రేడియోని నాతో షాపుకు తెచ్చి, విశాఖలో ఓ కొట్టు నుంచి సిలికాన్ ట్రాన్సిస్టర్ తెప్పించాను. సిలికాన్ ఇసుకలో ఉండే పదార్థమే, ఎండకు బాగా తట్టుకుంటుంది. అయితే ఊరికే అతికిస్తే చాలదు. బయాస్, అంటే దాన్ని పనిలోకి దింపే చిన్న కరెంటు, కొత్తగా సరిచేయాలి. నాకు నేర్పేవాళ్లు లేరు. తిప్పలు పడి నేనే సాధించాను, ఆ గర్వం ఇప్పటికీ ఉంది.

రేడియో తీసుకుని మళ్లీ నౌపడ వెళ్లాను. అదే గట్టు, అదే ఎండ. వార్తలు మొదలయ్యాయి. గొంతు చెక్కుచెదరలేదు. సాయంత్రం గాలివాన వస్తుందని చెప్పగానే నీలమ్మ కేకేసింది.

“తాటాకులు అట్టుకు రండర్రా!”

నేనూ మోశాను. చీకటి పడకముందే వాన దంచి కొట్టింది. వెలిశాక నీలమ్మ తాటాకు పైకెత్తి, పొడి ఉప్పు గుప్పెడు తీసి నా చేతిలో పోసింది. నవ్వింది.

తర్వాత గోరంత సిలికాన్ మీదే వేల ట్రాన్సిస్టర్లున్న చిప్పులు వచ్చాయి. వాటినీ బాగుచేశాను. కానీ ఆ రోజు నుంచి ఏ వస్తువు తెచ్చినా మూత విప్పేముందు, “ఇది మీ దగ్గర ఎక్కడుంటుంది?” అని అడగడం నాకు అలవాటైంది. నా బల్ల మీద మోగితే ఏం లాభం, అది మోగాల్సింది నీలమ్మ గట్టు మీద.